ఈ పనికి ఇది అవసరమా?

దుబాయ్ నుంచి ఇంటికి వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, ఫోటో వెళ్తుంది, మాట రికార్డు చేసి పంపినా వెళ్తుంది. కాల్ మాత్రం కలవదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ మీద మాట్లాడించే సేవలకు టెలికాం నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడుకోవాలంటే 2019 నాటికి ఎతిసలాత్, డు కంపెనీల దగ్గర నెలకు 50 దిర్హాముల ప్యాకేజీ తీసుకోవాల్సి వచ్చేది. సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఉంటూ వెయ్యి, పన్నెండు వందల దిర్హాముల జీతంలోంచే ఇంటికి పంపి, మెస్‌కి కట్టి, అప్పు వడ్డీ తీర్చే మనిషికి అది చిన్న మొత్తం కాదు. సరిగ్గా ఆ ఏడాదే టోటాక్ అనే కొత్త యాప్ వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, వీపీఎన్ అక్కర్లేదు, బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. జనం ఎగబడి దించుకున్నారు. లక్షల ఫోన్లలోకి చేరిపోయింది.

2019 డిసెంబరు 22న న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం రాసింది. టోటాక్ మాట్లాడుకోవడానికి పనికొచ్చే యాప్ మాత్రమే కాదనీ, అందులో జరిగే ప్రతి సంభాషణనీ, ప్రతి కదలికనీ ఎమిరేట్స్ ప్రభుత్వం గమనించడానికి వాడుతోందనీ చెప్పి, అమెరికా అధికారులను ఆధారంగా చూపింది. అప్పటికే గూగుల్, యాపిల్ సంస్థలు దాన్ని తమ స్టోర్ల నుంచి తీసేశాయి. గూగుల్ 2020 జనవరిలో మళ్లీ పెట్టి, ఫిబ్రవరిలో మళ్లీ తీసేసింది. టోటాక్ నడిపేవాళ్లు ఈ ఆరోపణను గట్టిగా ఖండించారు. తమ చట్టాలు గూఢచర్యాన్ని ఒప్పుకోవని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ చెప్పింది.

ఎవరిది నిజం అన్న వాదన కంటే సామాన్యుడికి ఎక్కువ పనికొచ్చే సంగతి ఒకటి ఆ కథనంలోనే ఉంది. ప్యాట్రిక్ వార్డిల్ అనే భద్రతా నిపుణుడు ఆ యాప్‌ను విప్పి పరిశీలించాడు. దొంగదారి ఏమీ కనపడలేదు. వైరస్ లేదు, ఫోన్ తాళం పగలగొట్టే కిటుకు లేదు. చేస్తానన్న పనే చేస్తోంది. వాతావరణం చెప్తానని లొకేషన్ అడిగింది. స్నేహితులను కలుపుతానని ఫోన్‌లోని నంబర్లన్నీ అడిగింది. మైకు, కెమెరా, క్యాలెండర్ అడిగింది. వాడేవాళ్లు ‘అనుమతించు’ మీద నొక్కారు. కన్నం వేయాల్సిన పనే లేకుండా సమాచారమంతా యజమాని చేతి మీదుగానే బయటికి నడిచి వెళ్లగలదని అంత తేటగా చూపించిన ఉదాహరణ నాకు మరొకటి కనిపించలేదు.

గోప్యత అనగానే మనకు రహస్యం గుర్తొస్తుంది. ‘నేను తప్పు చేయలేదు, నాకు దాచుకునేదేముంది’ అంటారు చాలామంది. తప్పుకీ దీనికీ సంబంధం లేదు. నన్ను అడుగుతున్న ఈ వివరం నేను చేయించుకుంటున్న పనికి కావాలా, అక్కర్లేదా అన్నదే అసలు ప్రశ్న. వీడియో కాల్‌కి కెమెరా కావాలి, మైకు కావాలి. నేను ఈ నిమిషంలో ఏ సందులో నిలబడ్డానో దానికి ఎందుకు? మాట్లాడే యాప్‌కి వాతావరణం చెప్పే బాధ్యత ఎవరప్పగించారు? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చింది. ప్రభుత్వం ఆ హక్కులోకి చొరబడాలంటే చట్టం ఉండాలి, సరైన ఉద్దేశం ఉండాలి, ఆ ఉద్దేశానికి మించి ఒక్క అడుగు కూడా వేయకూడదు అంది. ‘ఈ పనికి ఇది అవసరమా’ అని ఫోన్ పట్టుకున్న మనిషి వేయాల్సిన ప్రశ్న కూడా ఆ తూకమే.

ఫోన్‌లోని నంబర్ల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అవి మనవని మనం అనుకుంటాం. నా ఫోన్‌లో అమ్మ నంబరుంది, చెల్లెలి అత్తగారి నంబరుంది, ఊరి ఆశా కార్యకర్తదీ, అప్పిచ్చిన షావుకారిదీ ఉన్నాయి. జగిత్యాలలో కూర్చున్న వాళ్లెవరూ టోటాక్ పేరు కూడా విని ఉండరు. నేను ఒక్కసారి నొక్కితే వాళ్లందరి పేర్లూ, నంబర్లూ, నాతో వాళ్లకున్న చుట్టరికమూ వెళ్లిపోతాయి. దీని పర్యవసానం ఏమిటో తెలుగు నేలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు బయటపడ్డాయి. నాలుగైదు వేల అప్పు తీసుకున్నవాళ్ల ఫోన్‌లోంచి నంబర్లు లాగి, అన్నదమ్ములకూ, ఆఫీసులో పై అధికారికీ, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నవాళ్లకూ ‘ఈ మనిషి దొంగ’ అని మెసేజ్‌లు పంపారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని నంబర్లను, ఫోటోలను, కాల్ వివరాలను ముట్టుకోకూడదని నియమం పెట్టింది. అప్పివ్వడానికి అవి అవసరం లేదు కాబట్టే.

లొకేషన్ సంగతి ఇంకో రకం. ఒక్కసారి చూస్తే అది మ్యాప్ మీద చుక్క. నెల రోజులు వరసగా చూస్తే జీవితం. రాత్రి ఫోన్ పడుకునే చోటు సోనాపూర్‌లోని క్యాంపు, పగలంతా ఉండేది సైటు, సెలవురోజు వెళ్లేది ఊద్ మేథాలోని సెయింట్ మేరీస్ చర్చికా, జబల్ అలీలోని హిందూ దేవాలయానికా, మసీదుకా అన్నది చూస్తే మతం తెలిసిపోతుంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్తుంటే జబ్బు కూడా. నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పకుండానే. ఇది ఎమిరేట్స్‌కే ప్రత్యేకం అనుకోకండి. 2020 నవంబరులో అమెరికాలోని వైస్ పత్రిక, నమాజు వేళలూ ఖిబ్లా దిక్కూ చూపే ముస్లిం ప్రో అనే యాప్ నుంచి లొకేషన్ సమాచారం ఎక్స్‌మోడ్ అనే వ్యాపార సంస్థకు వెళ్తోందనీ, ఆ సంస్థ కొనుగోలుదారుల్లో అమెరికా రక్షణశాఖ కాంట్రాక్టర్లున్నారనీ బయటపెట్టింది. సైన్యానికి తాము నేరుగా అమ్మలేదని యాప్ వాళ్లు చెప్పి, ఎక్స్‌మోడ్‌తో సంబంధం తెంచుకున్నారు. నమాజు వేళ లెక్కగట్టడానికి ఊరు తెలిస్తే చాలు.

మరి ఎమిరేట్స్ చట్టం ఏమంటోంది? 2021 నాటి 45వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం వ్యక్తిగత సమాచార రక్షణ కోసం వచ్చింది. 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. సమాచారం తీసుకునే ముందు సమ్మతి కావాలనీ, ఆ సమ్మతి సులువుగా అర్థమయ్యేలా ఉండాలనీ, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చనీ చెప్తుంది. ‘నా గురించి మీ దగ్గర ఏముందో చూపించండి, తప్పుంటే దిద్దండి, పని అయిపోతే తీసేయండి’ అని అడిగే హక్కు ఇస్తుంది. మతం, జాతి మూలం, రాజకీయ అభిప్రాయం, వేలిముద్రలు, ఆరోగ్యం, శారీరక స్థితి లాంటివాటిని సున్నితమైన సమాచారంగా విడిగా చూడమంటుంది. నేరుగా చెప్పినవే కాదు, పరోక్షంగా వాటిని బయటపెట్టేవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అంటే పైన చెప్పిన సెలవురోజు లొకేషన్ కూడా.

చదవడానికి బాగుంది. అయితే ఈ చట్టం ప్రభుత్వ సమాచారానికి వర్తించదు. భద్రతా సంస్థల దగ్గరున్నదానికీ వర్తించదు. వేరే చట్టాలున్న ఆరోగ్య, బ్యాంకు సమాచారం దీని పరిధిలో లేదు. దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం, అబుధాబి గ్లోబల్ మార్కెట్ లాంటి ఫ్రీజోన్లకు సొంత నియమాలున్నాయి, అవి మరింత పదునైనవి కూడా. పైగా వివరమైన నిబంధనలు వచ్చాక ఆరు నెలల్లో కంపెనీలు సర్దుకోవాలని చట్టంలో రాశారు. ఆ నిబంధనలేమో ఏళ్లతరబడి వెనకపడ్డాయి. ఎయిర్ కండిషన్ గదిలో కూర్చునే ఫైనాన్స్ ఉద్యోగికి దొరికే రక్షణ, అదే భవనం అద్దాలు తుడిచే మనిషికి అదే బలంతో దొరకదన్నమాట.

సమ్మతి అనే మాట దగ్గరే నాకు పెద్ద పేచీ. వీసా కావాలంటే వేలిముద్రలివ్వాలి, ఎక్స్‌రే తీయించుకోవాలి, రక్తమివ్వాలి. హెచ్ఐవీ ఉందని తేలితే వీసా రాదు, వెనక్కి పంపేస్తారు. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు గర్భపరీక్ష కూడా చేస్తారు. ఆరోగ్య వివరాలను కనీసం 25 ఏళ్లు భద్రపరచాలని 2019 నాటి 2వ నంబరు చట్టం చెబుతోంది. ఏజెంటుకి లక్షన్నర కట్టి విమానం దిగిన మనిషి ఏ దశలో ‘నేను ఒప్పుకోను’ అనగలడు? కాదనే వీలు లేనప్పుడు తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందుకే ప్రభుత్వం అడిగేవాటికీ, ఒక యాప్ లేదా ఏజెంటు అడిగేవాటికీ తేడా చూడాలి. మొదటిదాంట్లో మన చేతిలో ఉన్నది తక్కువ. రెండోదాంట్లో చాలా ఉంది, మనమే వదిలేస్తున్నాం.

ఉదాహరణకి పాస్‌పోర్టు. కార్మికుడి పాస్‌పోర్టు యజమాని తన దగ్గర ఉంచుకోకూడదని 2021 నాటి కార్మిక చట్టంలో ఉంది. ఆ సంగతి ఇప్పుడు కొందరికైనా తెలుసు. అదే పాస్‌పోర్టు ఫోటో తీసి ముగ్గురు ఏజెంట్లకు వాట్సాప్‌లో పంపి, ఎవరికి పంపామో మరిచిపోతాం. ఎమిరేట్స్ ఐడీ నంబరు 784తో మొదలవుతుంది, పక్కనే పుట్టిన సంవత్సరం ఉంటుంది, కాబట్టి ఆ నంబరు చెప్తే వయసు చెప్పినట్టే. 2012లో ‘మై నంబర్, మై ఐడెంటిటీ’ అంటూ ప్రతి సిమ్‌నీ గుర్తింపు కార్డుతో ముడిపెట్టారు. రూమ్మేట్ ఖల్లివల్లి అయ్యాడు, అంటే కంపెనీ వదిలి కాగితాలు లేకుండా ఉంటున్నాడు, కార్డు లేదు, పాపం అని మన పేరు మీద సిమ్ తీసిస్తే, ఆ నంబరు నుంచి వెళ్లిన ప్రతి కాల్‌కీ చట్టం ముందు మనమే జవాబుదారులం. జాలి మంచిదే, కానీ అన్నం పెట్టండి, పాస్‌పోర్టు కోసం కాన్సులేట్‌కి తోడు వెళ్లండి. సిమ్ మాత్రం ఇవ్వకండి.

ఇప్పటిదాకా మన సమాచారం ఇతరులు తీసుకోవడం గురించి మాట్లాడుకున్నాం. మనం ఇతరులది తీసుకోవడం మీద ఎమిరేట్స్ చట్టం చాలా కఠినం. 2021 నాటి 34వ నంబరు సైబర్ నేరాల చట్టంలో 44వ అధికరణ ప్రకారం, మరొకరి ఏకాంతంలోకి చొరబడే ఉద్దేశంతో అనుమతి లేకుండా ఫోటో తీసినా, మాటలు రికార్డు చేసినా, వాళ్ల లొకేషన్‌ను వెంటాడినా కనీసం ఆరు నెలల జైలు, లక్షన్నర నుంచి ఐదు లక్షల దిర్హాముల దాకా జరిమానా, లేదా రెండింట్లో ఒకటి. బహిరంగ స్థలమైనా సరే. రోడ్డు ప్రమాదంలో పడి ఉన్నవాళ్ల ఫోటోలు పంచినా ఇదే సెక్షన్. దీనికి ముందున్న చట్టం కిందే 2016లో అజ్మాన్‌లో ఒక అరబ్ మహిళకు లక్షన్నర దిర్హాముల జరిమానా వేసి దేశం నుంచి పంపేశారు. ఆమె చేసింది, భర్త ఫోన్ తెరిచి అందులో ఫోటోలను తన ఫోన్‌కి పంపుకోవడం. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికమేమిటి అనుకునే మన అలవాటు అక్కడి కోర్టులో చెల్లదు. గదిలో ఎనిమిది మంది ఉండే క్యాంపులో, నిద్రపోతున్నవాడి ఫోటో తీసి గ్రూపులో పెట్టి నవ్వుకునే అలవాటూ అంతే.

ఇక్కడే మన మీడియాకూ, రాజకీయ నాయకుల సోషల్ మీడియా బృందాలకూ ఒక మాట చెప్పాలి. గల్ఫ్‌లో చిక్కుకున్న ఆడవాళ్లు ఏడుస్తూ పంపే వీడియోలు మన ఫోన్లలోకి తరచూ వస్తున్నాయి. ఆ వీడియో వల్ల ఒకరిద్దరు ఇల్లు చేరారన్నది నిజం. కానీ ముఖం, ఊరు, భర్త పేరు, పాస్‌పోర్టు పేజీ, ‘నన్ను ఇలా చేశారు’ అన్న మాట, అన్నీ కలిసి శాశ్వతంగా ఉండిపోతాయి. ఆమె తిరిగొచ్చి ఊళ్లో తలెత్తుకు బతకాలి కదా. ఆ వీడియో వెయ్యి మందికి కాదు, పని చేయగల ఒక్క చోటుకి వెళ్తే చాలు. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 80046342 నంబరులో రోజంతా పలుకుతుంది. భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ 2015 నుంచి ఉంది. ప్రసారం చేసి తీరాలంటే ముఖం కప్పి, పేరు తీసి చేయవచ్చు. రక్షించడానికి ఆమె ముఖం అవసరం లేదు.

ఇక ఆడా మగా అని అడిగే గడి. ఏ దరఖాస్తులోనైనా పేరు తర్వాత అదే ఉంటుంది, ఎందుకుందో ఎవరూ అడగరు. ఫ్రాన్స్‌లో అడిగారు. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు శ్రీ, శ్రీమతిలలో ఒకటి ఎంచుకోక తప్పదంటూ అక్కడి ఎస్ఎన్‌సీఎఫ్ కనెక్ట్ పెట్టిన నిబంధన మీద మూస్ అనే సంఘం పోరాడింది. 2025 జనవరి 9న ఐరోపా న్యాయస్థానం తీర్పిచ్చింది: టికెట్ అమ్మడానికి ఆ వివరం అనివార్యం కాదు. మర్యాదగా పిలవడానికే అయితే లింగం చెప్పించకుండానే పిలవవచ్చు. మళ్లీ అదే తూకం.

ఎమిరేట్స్‌లో ఈ గడి బరువు వేరు. ఐడీ కార్డు మీద అది అచ్చయి ఉంటుంది. దుబాయ్ మెట్రోలో స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక పెట్టె ఉంది, పొరపాటున ఎక్కిన మగవాడికి జరిమానా. ఒంటరిగా రాత్రి షిఫ్టు ముగించి వచ్చే నర్సుకు ఆ పెట్టె ఎంత ధైర్యమో నేను తక్కువ చేయను. కానీ పుట్టుకతో రాసిన గడికీ, తాము బతికే తీరుకీ పొంతన లేనివాళ్లకు అక్కడి చట్టం కఠినం. స్త్రీల దుస్తుల్లో స్త్రీలకు ప్రత్యేకించిన చోటికి వెళ్లిన పురుషుడికి ఏడాది దాకా జైలు పడవచ్చు. 2017లో అబుధాబిలోని ఒక మాల్‌లో ఇద్దరు సింగపూర్ పౌరులను వేషధారణ కారణంగా పట్టుకుంటే, మొదట ఏడాది శిక్ష పడింది. అప్పీలులో అది జరిమానాగా మారాక దేశం నుంచి పంపేశారు. 2016 నాటి వైద్య బాధ్యత చట్టం, పుట్టుకలోనే లింగం అస్పష్టంగా ఉన్నవాళ్లకు సరిచేసే శస్త్రచికిత్సను ఒప్పుకుంది, లింగ మార్పిడిని ఒప్పుకోలేదు. ఇలాంటి చోట తన గురించి ఎవరికి చెప్పాలన్నది పూర్తిగా ఆ మనిషి నిర్ణయమే కావాలి. స్నేహితుడు ఆప్యాయంగా గ్రూపులో రాసిన ఒక్క వాక్యం ఉద్యోగాన్నీ వీసానీ ఊడగొట్టవచ్చు.

యాప్‌ల సమాచారం ఇక్కడ మరీ ప్రమాదం. 2018లో గ్రైండర్ అనే డేటింగ్ యాప్, వాడేవాళ్లు నమ్మి నింపిన హెచ్ఐవీ వివరాలను మరో రెండు కంపెనీలతో పంచుకుంటోందని తెలిసింది. ప్రకటనల కంపెనీలకు వాడకందారుల సమాచారం ఇచ్చినందుకు నార్వే నియంత్రణ సంస్థ 2021 డిసెంబరులో ఆ యాప్‌కు 6.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేసింది. నార్వేలో జరిమానాతో పోయింది. హెచ్ఐవీ తేలితే విమానం ఎక్కించే దేశంలో ఉన్న మనిషికి పోయేది బతుకుతెరువు.

దీన్ని ఎడారి దేశాల కథగా చెప్పుకుని మనం పక్కకు తప్పుకోలేం. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాద్ సంస్థానంలో ఒక చట్టం చేశారు. నేరాలు చేస్తారన్న అనుమానం చాలు, హిజ్రాల పేర్లూ నివాసాలూ ఒక రిజిస్టరులో రాసుకోవచ్చు. ఆడ దుస్తుల్లో, నగలతో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చి వెళ్లింది, ఆ చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగిలి, మరికొందరు 2018లో హైకోర్టుకెళ్లారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం ఆ చట్టం సమానత్వానికీ, గౌరవానికీ, గోప్యతకూ విరుద్ధమని కొట్టేసింది. నూట నాలుగేళ్లు. పేర్లు రాసిపెట్టుకునే పుస్తకం ఒకసారి మొదలైతే ఎంతకాలం మిగులుతుందో దాన్నిబట్టి లెక్కవేసుకోవచ్చు.

చివరగా, గోప్యత గురించి ఎవరూ అడగని మనిషి గురించి. గోదావరి జిల్లాల నుంచీ కడప వైపు నుంచీ గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు. ఎమిరేట్స్ రాజ్యాంగం 36వ అధికరణ ఇంటిని పవిత్రంగా చూస్తుంది, చట్టం చెప్పిన సందర్భాల్లో తప్ప, అందులో ఉండేవాళ్ల అనుమతి లేకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. ఇళ్లలో పనివాళ్ల చట్టం కూడా అదే ఒరవడి. ఫిర్యాదు వచ్చినా తనిఖీ అధికారి ఇంటి యజమాని ఒప్పుకుంటేనో, ప్రాసిక్యూషన్ అనుమతిస్తేనో గానీ గడప దాటలేడు. ఇంటికి ఇంత గోప్యత ఉంది. ఆ ఇంట్లో ఆమెకు ఎంత ఉంది? తలుపు గడియ పడే గది ఉందా, పడుకునే చోట కెమెరా ఉందా, ఫోన్ ఎవరి దగ్గరుంటుంది, అమ్మతో మాట్లాడుతుంటే పక్కన ఎవరు నిలబడతారు? చట్టం ఆమెకు తగిన వసతి ఇవ్వాలంటుంది, కాగితాలు ఆమె దగ్గరే ఉండాలంటుంది. ఏజెంటు ముందు సంతకం పెట్టేటప్పుడు జీతం ఎంత, సెలవులెన్ని అని అడిగే కుటుంబాలు ఈ నాలుగు ప్రశ్నలు కూడా అడగాలి. వెళ్లాక వారంలో ఏ రోజు, ఏ వేళకి, ఒంటరిగా, తన సొంత ఫోన్‌లో మాట్లాడుతుందో ముందే తేల్చుకోవాలి. ఆ వేళకి కాల్ రాకపోతే ఏజెంటు జవాబు కోసం ఎదురుచూడకుండా, అదే రోజు కాన్సులేట్‌కి ఫోన్ చేయాలి.